అన్నయ్య గొంతు ఉన్న పెట్టె

ఆఫీసులో అతన్ని అసలు పేరుతో పిలిచేవాళ్లు లేరు. అందరికీ అతను రీస్టార్టు. ఎవరి కంప్యూటర్ మొరాయించినా ఫోనులో అతని నోటి నుంచి ముందుగా వచ్చే మాట "ఒకసారి రీస్టార్ట్ చేశారా?" అన్నదే కాబట్టి ఆ పేరు ఖాయమైపోయింది. ఎదురుపడితే సార్ అంటారు. వెనక మాత్రం "రీస్టార్టు వస్తున్నాడు, కీబోర్డుల దగ్గర టీ కప్పులు తీసేయండి" అని కిసుక్కుమంటారు. ఆ సంగతి అతనికి తెలుసు. తెలిసినా పట్టించుకోడు. మనుషుల మీద కోపం తెచ్చుకునేంత తీరిక ఉన్న ఉద్యోగం కాదది.

మూడంతస్తుల ఆఫీసు. ప్రతి బల్ల మీదా ఒక చిన్న కంప్యూటర్ పెట్టె, రెండు లావుపాటి పుస్తకాలు పేర్చినంత. చూసేవాళ్లకు ముచ్చటగానే ఉంటుంది. మూత విప్పేవాడికి తెలుస్తుంది అసలు సంగతి. లోపల వేలు పెడితే వేలు తిరగదు. ఒక స్క్రూ అందాలంటే రెండు భాగాలు పీకాలి. ఆఫీసులకని చేసే పెట్టెలు అంతే, బల్ల మీద జాగా మిగిలితే చాలు వాళ్లకు, లోపల చెయ్యి పెట్టేవాడి గోళ్లు ఏమైపోతే ఎవరికి కావాలి. రేకు అంచులు గీసుకుని అతని వేళ్ల కణుపుల మీద ఎప్పుడూ ఏదో ఒక గాయం ఎండుతూనే ఉంటుంది.

పనిలో వంక పెట్టడానికి లేదు గానీ, అతనికి నిదానం లేదు. పక్కన నిలబడి ఎవరైనా ఏదైనా చెప్పబోతే, తల ఎత్తకుండానే "అయిపోయింది, ఒక్క నిమిషం" అంటాడు. వాళ్లు చెప్పబోయింది వేరే ఏదైనా సరే, అతని జవాబు అదే. ఒకసారి పైఅంతస్తులో క్యాషియరమ్మ "బాబూ, మీ చొక్కా ఫ్యానులో పడేలా ఉంది" అంటే కూడా "ఒక్క నిమిషం" అనే అన్నాడు. చొక్కా చిరిగింది. ఆఫీసు వారం రోజులు నవ్వుకుంది.

ఆఫీసుకు రెండు వీధుల అవతల అతని అన్నయ్య ఇల్లు. ముందు గది ఒకప్పుడు రేడియోలు, యాంప్లిఫయర్లు బాగుచేసే కొట్టు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. అన్నయ్య నోరు మంచిదని అనలేం, చెడ్డదనీ అనలేం. పెద్దది. కొట్టులో కూర్చుని మాట్లాడితే వీధి మలుపు దాకా వినబడేది. తిట్టినా, మెచ్చుకున్నా, బేరం ఆడినా ఒకటే స్థాయి. కాకపోతే ఆ గొంతులో ఎన్ని విరుపులు, ఎన్ని సాగదీతలు. "చాలా తెలివైనవాడివిరా" అని ఆయన అంటే అది ముద్దో మొట్టికాయో మాట పూర్తికాక ముందే అర్థమైపోయేది.

తండ్రి పోయేనాటికి అతను బడిపిల్లాడు. అప్పటినుంచీ అన్నయ్యే తండ్రి. కొట్టులో స్టూలు మీద కూర్చోబెట్టి, చేతికి వైర్లు అతికించే సోల్డరింగ్ ఐరన్ ఇచ్చి, చేయి కాలితే ముందు తిట్టి తర్వాత నీళ్లు పోసేవాడు. అతను కంప్యూటర్ల చదువుకు వెళ్తానంటే "వెళ్లు, నేను చచ్చేదాకా రేడియోలు బతకవు" అని నవ్వాడు. రేడియోలే ముందు పోయాయి. ఆ తర్వాత అన్నయ్య నాలుక మీద పడింది జబ్బు.

మొదట మాట కొద్దిగా ముద్దయింది. పొద్దున్నే తాగుతున్నాడేమో అనుకున్నారు ఇరుగుపొరుగు. తర్వాత చేతిలో స్క్రూడ్రైవరు నిలవలేదు. నరాల డాక్టరు అన్ని పరీక్షలూ చేయించి, కండరాలు ఒకదాని తర్వాత ఒకటి ఆగిపోతాయనీ, కళ్లు మాత్రం చివరిదాకా పనిచేస్తాయనీ, దీనికి మందు లేదనీ చెప్పాడు. చెప్పి, ఒక్క సలహా ఇచ్చాడు. గొంతు పూర్తిగా పోకముందే, ఇంట్లో రోజూ మాట్లాడే మాటలన్నీ మీ గొంతుతోనే రికార్డు చేసి పెట్టుకోండి, తర్వాత కంప్యూటరు మీ తరఫున వాటిని వినిపిస్తుంది అన్నాడు.

ఊపిరి ఉన్నన్నాళ్లు అన్నయ్య అదే పని చేశాడు. మూసేసిన కొట్టులో మైకు ముందు కూర్చుని మాటలు చెప్పేవాడు. సెలవు రోజుల్లో తమ్ముడు పక్కన కూర్చుని వాటిని కత్తిరించి పేర్చేవాడు. "ఇదిగో, ఎక్కడున్నావు?" అని వదినను పిలిచే పిలుపు. "ఏరా, తిన్నావా?" "నీ మొహం, నీకేం తెలుసు?" "దిండు కాస్త పైకి." "ఆయాసంగా ఉంది, త్వరగా రా." ఉత్తి నవ్వు కూడా ఒకటి. చివర్లో చెప్పినవాటిలో మాట తడబడింది. తీసేద్దామా అని తమ్ముడు అడిగితే ఒప్పుకోలేదు. "ఉండనీరా, అది కూడా నేనే" అన్నాడు.

అలా వేల మాటలు పోగయ్యాయి. వాటిని దాచడానికి తమ్ముడు ఆఫీసులో తీసిపారేసిన చిన్న పెట్టెల్లో ఒకటి అడిగి తెచ్చుకున్నాడు. తెర కింద కళ్ల కదలికను పట్టే కెమెరా బిగించాడు. తెర మీద గళ్లుంటాయి. ఏ గడి మీద అన్నయ్య చూపు నిలిస్తే, ఆ మాట అన్నయ్య గొంతుతో పలుకుతుంది. ముందుగా రికార్డు చేయని కొత్త మాట చెప్పాలంటే అక్షరం అక్షరం చూస్తూ రాయాలి. దాన్ని యంత్రం తన సొంత గొంతుతో చదువుతుంది. అన్నయ్య దానికి బస్టాండు గొంతు అని పేరు పెట్టాడు. మరీ తప్పనిసరైతే తప్ప దాని జోలికి పోయేవాడు కాదు.

ఆఫీసులో అందరినీ కాపీ తీసుకున్నారా, కాపీ తీసుకున్నారా అని వేపుకు తినేవాడు ఇంట్లో ఊరుకుంటాడా? పెట్టెలో ఒకటి కాదు, రెండు డిస్కులు పెట్టాడు. మొదటిదానిలో ఉన్నదల్లా రెండోదానిలోకి దానంతటదే ఎక్కుతుంది. ఒకటి పోయినా ఇంకొకటి ఉంటుందని వదినకు ధైర్యం చెప్పాడు. ఆ ధైర్యం అతనిక్కూడా ఉంది. అయితే చిన్న పెట్టె కదా, రెండిటికీ కరెంటు ఒకే వైరు మీద నుంచి పోతుంది. అందులో తప్పేముంది? అన్ని పెట్టెల్లోనూ అంతే.

కొన్నాళ్లకు కళ్ల కెమెరా అన్నయ్య చూపును అందుకోలేక వెనకబడటం మొదలైంది. దాన్ని అమ్మినతను గ్రాఫిక్స్ కార్డు వేయమన్నాడు. పిండి కొద్దీ రొట్టె అన్నట్టు, పెట్టెతో వచ్చిన పవర్ సప్లై, లోపలి భాగాలకు కరెంటు పంచేది, ఆ కార్డును మోయలేకపోయింది. దాన్ని తీసేసి, వైర్లు విడిగా ఊడదీసుకునే రకం పాత సప్లై ఒకటి సంపాదించి, రేకు వంచి, వైర్లను సందుల్లోంచి దూర్చి బిగించాడు. తలప్రాణం తోకకొచ్చింది. కొన్ని నెలలు బాగానే నడిచింది. తర్వాత అదీ అలసిపోయి, ఉన్నట్టుండి ఆగిపోవడం మొదలుపెట్టింది.

ఒక మధ్యాహ్నం వదిన పెరట్లో బట్టలారేస్తోంది. అన్నయ్య గొంతుకు కఫం అడ్డం పడింది. ఆయన చూపు "త్వరగా రా" గడి మీదకు వెళ్లేసరికి తెర నల్లబడింది. వదిన తడి చేతులతో లోపలికి వచ్చేటప్పటికి పెదవులు నీలమయ్యాయి. కఫం లాగే మిషన్ పెట్టి ఎలాగో దక్కించుకుంది. సాయంత్రం మరిది వచ్చినప్పుడు ఏడవలేదు, నిష్టూరమాడలేదు.

"ఇది మళ్లీ ఆగకూడదు," అంది. "నువ్వేం చేస్తావో నాకు తెలీదు. ఆగకూడదు అంతే."

"ఆగదు వదినా," అన్నాడతను. "ఈ ఆదివారం కొత్త సప్లై వేసేస్తా. కొండలాంటిది. ఇక దానికి ఢోకా ఉండదు."

ఆదివారం పొద్దున్నే వచ్చాడు. కొత్త సప్లై నిజంగానే మంచిది, చిన్న పెట్టెకు సరిపోయే సైజు, మునుపటిదానికి రెండింతల సత్తా. వదిన మందుల కొట్టుకు బయల్దేరుతూ గుమ్మంలో ఆగింది. కంప్యూటర్ లేని రోజుల్లో వాడిన అక్షరాల అట్ట తలుపు వెనక మేకుకు వేలాడుతోంది. ఆమె ఒక్కొక్క అక్షరం మీదా వేలు పెడుతూ పోతే, కావలసిన అక్షరం రాగానే అన్నయ్య కళ్లు పైకెత్తుతాడు. పైకెత్తితే అవును, గట్టిగా మూస్తే కాదు.

"ఆ అట్ట తీసి దగ్గర పెట్టనా?" అంది.

"ఎందుకు వదినా? అయిపోతుంది, ఒక్క నిమిషం పని."

చక్రాల కుర్చీని బల్ల పక్కకు తెచ్చుకున్నాడు. అన్నయ్యకు పని కనబడాలని అతని ఆశ. చిన్నప్పుడు స్టూలు మీద కూర్చుని తను చూసేవాడు, ఇప్పుడు అన్నయ్య చూస్తాడు. మూత విప్పి, పాత సప్లై ఊడదీశాడు. మదర్‌బోర్డుకు కొత్త వైరు, కార్డుకు కొత్త వైరు. మధ్యమధ్యలో "చూశావా అన్నయ్యా, ఎంత తీరుగా పట్టిందో" అంటూ కబుర్లు చెప్పాడు. పెట్టె విప్పి ఉంది కాబట్టి అన్నయ్య నుంచి మాటకు మాట రాదు. అది అతనికి గుర్తుంది. ఎందుకో ఆ నిశ్శబ్దం ఇబ్బందిగా ఉండి, అతను ఇంకొంచెం ఎక్కువ మాట్లాడాడు.

ఇక మిగిలింది పాత సప్లైతో వచ్చిన డిస్కుల వైరు. అది కిందనుంచి చుట్టుకుని, డిస్కుల గూడు అడుగున పోయి, రెండిటికీ తగిలించి ఉంది. దాన్ని పీకాలంటే గూడు విప్పాలి, ఫ్యాను విప్పాలి, బోర్డు సగం లేపాలి. ఒక్క వైరు కోసం ఇల్లు పీకి పందిరి వేయడమేమిటని అనుకున్నాడు. ఆ పాత వైరు రెండో కొస సరిగ్గా కొత్త సప్లై మూతి దగ్గరే ఉంది. ప్లగ్గు చూశాడు. అదే ఆకారం, అన్నే కాళ్లు. పెట్టి నొక్కితే టక్కున కూర్చుంది.

"సరిపోయింది చూశావా," అన్నాడు.

అన్నయ్య గొంతులోంచి ఒక మూలుగు వచ్చింది. తల తిప్పి చూశాడు. అన్నయ్య కళ్లు పెట్టె మీద నుంచి తలుపు వైపుకు, తలుపు నుంచి మళ్లీ పెట్టె మీదకు పోతున్నాయి.

"కఫమా అన్నయ్యా?"

కళ్లు గట్టిగా మూసుకున్నాయి. కాదు.

"ఉక్కపోస్తోందా?"

కాదు.

"మరి బాత్రూమా? వదిన వచ్చేస్తుంది, లేకపోతే నేను చూడనా?"

కాదు, కాదు. మూలుగు పెద్దదైంది. కళ్లు మళ్లీ తలుపు వైపు తిరిగాయి. వదిన కోసం చూస్తున్నాడనుకున్నాడు. తలుపు వెనక అట్ట ఉందన్న సంగతి మనసులోకి రాకపోలేదు. వచ్చింది. కానీ అట్ట మీద వేలు పెట్టి అక్షరం అక్షరం పోతూ ఒక్క మాట పట్టేసరికి ఎంతసేపవుతుందో అతనికి తెలుసు. ఆ ఓపిక వదినకుంది, తనకు లేదు. ఇక్కడేమో పని అయిపోయింది, స్విచ్చు నొక్కడమే మిగిలింది.

"ఒక్క నిమిషం అన్నయ్యా," అన్నాడు. "మెషిన్ ఆన్ చేస్తున్నాగా, నువ్వే చెబుదువుగాని."

నొక్కాడు. అన్నయ్య కళ్లు మూసుకున్నాడు, మూసుకున్నవాడు తెరవలేదు.

లోపల చిటుక్కుమని ఒక చిన్న చప్పుడు. తర్వాత వాసన. రేడియో కొట్టులో పెరిగినవాడికి ఆ వాసన ఏమిటో ఎవరూ చెప్పనక్కర్లేదు. ఫ్యాను మాత్రం చల్లగా, నిలకడగా తిరుగుతోంది. తెర వెలిగింది. డిస్కు కనబడటం లేదని అందులో ఒకే ఒక్క లైను.

అప్పుడు గుర్తొచ్చింది. గుర్తొచ్చిందనడం కూడా అబద్ధమే, అతనికి అది ఎప్పుడూ తెలుసు. ఆఫీసులో కొత్తగా చేరినవాళ్లకు తనే చెప్పాడు. డిస్కుకు తగిలించే వైపు అన్ని కంపెనీలదీ ఒకటే తీరు. సప్లైకి తగిలించే వైపు మాత్రం ఎవరి తీరు వారిది. ప్లగ్గు ఆకారం కలుస్తుంది, లోపలి తీగల వరస కలవదు. ఒక కంపెనీ వైరు ఇంకో కంపెనీ సప్లైకి పెడితే, ఐదు వోల్టులు పోవాల్సిన దారిలో పన్నెండు పోతాయి. అలా పోయిన పన్నెండు వోల్టులు మొదటి డిస్కుతో ఆగలేదు. ఒకే వైరు కదా. రెండోదానికీ పోయాయి.

అతను డిస్కులు పీకి, తన బ్యాగులోని లాప్‌టాప్‌కు ఒకటి తగిలించాడు. తర్వాత రెండోది. మళ్లీ మొదటిది. అలా ఎన్నిసార్లు మార్చాడో అతనికే తెలియదు. వదిన మందుల సంచితో లోపలికి వచ్చేసరికి నేల మీద కూర్చుని ఉన్నాడు. ఆమె అతని మొహం చూసింది, భర్త మొహం చూసింది. ఏమైందని అడగలేదు. సంచి కింద పెట్టి, తలుపు వెనకనుంచి అట్ట తీసుకుని అన్నయ్య ముందు కూర్చుంది.

"చెప్పండి," అంది.

ఆమె వేలు వరసల మీద నడిచింది. అన్నయ్య కళ్లు పైకి లేచిన చోటల్లా ఆగింది. తమ్ముడు నేల మీద నుంచి వింటున్నాడు.

"మ. దానికి గుడి దీర్ఘం, మీ. తర్వాత ట. తర్వాత రు." ఆమె అర్థం కాక వెనక్కి తిరిగింది. "మీటరు అంటున్నారు. ఏ మీటరు బాబూ? కరెంటు మీటరా?"

కరెంటు మీటరు కాదు. ఏ వైరునైనా తగిలించేముందు వోల్టేజి చూసుకునే మీటరు. అతని బ్యాగులోనే ఉంది, పైఅరలో. ఆ పాత వైరు కొసకు మీటరు పెట్టి చూడు అని ఆ మనిషి అంతసేపూ మొత్తుకున్నాడు. రేడియోల మీద బతికిన కళ్లు ఆ వైరు రంగును, ఈ వైర్ల రంగును చూశాయి, తేడా పట్టుకున్నాయి. చెప్పడానికి గొంతు మాత్రం బల్ల మీద విప్పి ఉంది, తమ్ముడి చేతి కింద.

అతను ఏడ్చాడు. చిన్నపిల్లాడిలా, మోకాళ్ల మధ్య తల పెట్టుకుని ఏడ్చాడు. వదిన అట్ట ఒళ్లో పెట్టుకుని అలాగే కూర్చుంది. ఓదార్చలేదు, తిట్టలేదు. ఆమెకు ఆ క్షణాన మరిది మీద దయ లేదు, అంతే. దాన్ని తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం మొదలైంది. డిస్కుల్లోంచి పోయినవి బయటికి తీసే చోటుకు పట్టుకెళ్లాడు. అక్కడ ఒకామె వాటిని విప్పి, భూతద్దం కింద చాలాసేపు చూసింది.

"రెండూ ఒకేసారి పోయాయండీ. లోపలి చిప్పులు కూడా కాలిపోయాయి," అంది. "ఇంకో చోటికి తీసుకెళ్లినా ఇదే చెబుతారు. ఏమున్నాయి ఇందులో, ఫొటోలా?"

"మాటలు," అన్నాడు.

ఆమెకు అర్థం కాలేదు. అతను డిస్కులు బ్యాగులో వేసుకుని లేచాడు.

మాటలు కత్తిరించిన లాప్‌టాప్‌లో ఏమీ మిగల్లేదు, అన్నీ పెట్టెలోకి మార్చేశాడు. ఇంట్లో ఉన్న ఫోన్లన్నీ వెతికారు. వేడుకలకు మైకు సెట్లు పెట్టేది అన్నయ్యే కాబట్టి, పాత వీడియోల్లో ఆయన ఎప్పుడూ యాంప్లిఫయరు వెనకే ఉంటాడు. వినబడేది పాటలూ, జనం గోలే. వీధి మలుపు దాకా వినబడేలా మాట్లాడిన మనిషి గొంతు ఒక్కచోటా సరిగ్గా దొరకలేదు. మాట ముద్దయిన ఆ చివరి రికార్డులు కూడా లేవు. కొత్తవి చేద్దామంటే, చెప్పడానికి ఆయన నాలుక కదలడం మానేసి చాలా కాలమైంది.

కొత్త డిస్కు వేశాడు. ఈసారి కొత్త వైరుతో. గూడు విప్పాడు, ఫ్యాను విప్పాడు, బోర్డు లేపాడు, మీటరు పెట్టి ఒక్కొక్క కాలూ చూసుకున్నాడు. అంతా కలిపి ఒక పూట పని, అంతే. ఇంత బతుకు బతికి ఇంటెనక చచ్చినట్టు, ఆ పూటకు కక్కుర్తి పడ్డాడు. తెర మీద గళ్లన్నీ మళ్లీ పేర్చాడు. "ఏరా, తిన్నావా?" గడి ఉంది. "దిండు కాస్త పైకి" ఉంది. ఏది చూసినా పలికేది బస్టాండు గొంతే.

కానీ పెట్టె ఆగలేదు. వానాకాలమంతా, కరెంటు ఎగుడుదిగుడుగా వచ్చిన రోజుల్లో కూడా, ఒక్కసారి ఆగలేదు. మళ్లీ ఒకసారి కఫం అడ్డం పడ్డప్పుడు తెర సమయానికి పలికింది, వదిన సమయానికి వచ్చింది. అడిగిన పని అడిగినట్టే అయింది. ఆ గొంతు ఇంట్లో వినబడినప్పుడల్లా వదిన వంటింట్లోంచి "వస్తున్నానండీ" అంటూ చేతులు తుడుచుకుని వచ్చేది, ఎవరో చుట్టాలు పిలిచినట్టు. అన్నయ్య ఆమెతో అవసరానికి మాట్లాడేవాడు. తమ్ముడితో అదీ లేదు. అతను రోజూ ఆఫీసు నుంచి నేరుగా వచ్చి, కెమెరా అద్దం తుడిచి, పెట్టె మీద దుమ్ము దులిపి, కాసేపు పక్కన కూర్చుని పోయేవాడు. ఆఫీసులో ఎవరైనా పక్కన నిలబడి ఏదైనా చెప్పబోతే ఇప్పుడు చేతిలో పని దించేసి వింటున్నాడు. రీస్టార్టుకు ఏమైందిరా అని వాళ్లు విడ్డూరపడ్డారు.

ఒక సాయంత్రం అతను అద్దం తుడిచి కూర్చోగానే అన్నయ్య చూపు తెర మీద అక్షరాల వెంట నడవడం మొదలుపెట్టింది. అతను చూస్తూ కూర్చున్నాడు. చాలాసేపటికి యంత్రం చదివింది.

"పని బాగా చేశావురా. ఇప్పుడు ఆగడం లేదు."

ఎక్కడా విరుపు లేదు, సాగదీత లేదు. ఫలానా బస్సు ఫలానా చోటికి బయల్దేరుతుందన్నట్టు చెప్పింది. అన్నయ్య తన గొంతుతో ఇదే మాట అని ఉంటే మొదటి పదానికే తెలిసిపోయేది, క్షమించాడో, చెంప మీద కొట్టాడో. అతను అన్నయ్య మొహంలోకి చూశాడు. కదలని మొహం అది, అందులో ఏముంటుంది? కళ్లు చూద్దామంటే, మాట్లాడాలంటే ఆయన కళ్లు తెర మీదే ఉండాలి. అవి తెర మీదే ఉన్నాయి.

అతను ఇక ఉండబట్టలేకపోయాడు. కుర్చీ పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"అన్నయ్యా," అన్నాడు. "నీ ఇష్టం వచ్చినట్టు తిట్టు. ఇలా ఊరుకోకు. ఒక్కసారి తిట్టు."

చూపు మళ్లీ అక్షరాల మీద నడిచింది. ఈసారి ఎక్కువసేపు పట్టలేదు.

"తిట్టాను కదరా," అంది బస్టాండు గొంతు.